ఒక్క మాత్రలో రెండు మూడు మందులుంటే ఇంట్లో ఎట్లా చూసుకోవాలి

మీ ఇంట్లో బీపీకో షుగర్‌కో మందులు వాడేవాళ్ళుంటే ఆ మందుల డబ్బా ముందు పెట్టుకుని ఇది చదవండి. రోజుకు మూడే మాత్రలు మింగుతున్నాం అనుకునే మనిషి ఒంట్లోకి ఆరేడు మందులు పోతుండొచ్చు, ఎందుకంటే ఇప్పుడు రాస్తున్నవాటిలో చాలా వరకు రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా చేసినవే. అందులో తప్పేం లేదు, నిజానికి సౌకర్యమే. కానీ మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే లోపల ఉన్న మందుల లెక్క తప్పుతుంది, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. నేను డాక్టర్ని కాదు, అనంతపురంలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే ఫార్మసిస్టుని. రోజూ కౌంటర్ దగ్గర చెప్పేదే ఇక్కడ రాస్తున్నా, షాపులో అయితే వెనక క్యూ ఉంటుంది కాబట్టి పూర్తిగా చెప్పడానికి కుదరదు.

ముందు స్ట్రిప్పు వెనక్కి తిప్పండి. పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని కాసేపు మర్చిపోండి. చిన్నక్షరాల్లో ఒక్కో మాత్రలో ఏమేం ఉన్నాయో రాసి ఉంటుంది, మందు పేరు, దాని ఎదురుగా మిల్లీగ్రాములు. అక్షరాలు కనపడకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చూడండి, ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 అని ఉందంటే అవి రెండు బీపీ మందులు. గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 అని ఉంటే రెండు షుగర్ మందులు, దానికి వోగ్లిబోస్ 0.2 కూడా చేరితే మూడు. షాపులో నాలుగు మాత్రలే కత్తిరించి ఇస్తున్నారనుకోండి, పేరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు ముక్క ఇమ్మని అడగండి, లేదంటే మొత్తం స్ట్రిప్పు ఫోటో తీసుకోండి. మొహమాటం వద్దు.

కంపెనీ పేరు చివర ఏఎం, హెచ్, సీటీ, ఎం, వీ, ఎస్‌పీ అని తోకలు ఉంటాయి కదా, వాటిని బట్టి మందు ఏదో ఊహించుకోవద్దు. బీపీ మాత్రల్లో హెచ్ అంటే ఎక్కువగా హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్, రెండూ మూత్రం ఎక్కువ పోయించే మందులే. కానీ డీ సంగతి చూడండి, గ్యాస్ మాత్ర చివర డీ అంటే డొంపెరిడోన్, కాల్షియం మాత్ర దగ్గరికొస్తే విటమిన్ డి, షుగర్ మాత్ర దగ్గర డాపాగ్లిఫ్లోజిన్ కావచ్చు. ఫోర్టే, ప్లస్, గోల్డ్ అనేవైతే మరీను, వాటితో ఏమీ తెలియదు. షాపులో అడిగేటప్పుడు కూడా పేరు మొదటి భాగం మాత్రమే చెప్పి ఇమ్మంటే తోక లేనిదో వేరే తోకదో చేతికి రావచ్చు, అందుకే పాత స్ట్రిప్పు పట్టుకుని రావాలి.

ఇప్పుడు అసలు పని. ఒక తెల్ల కాగితం తీసుకుని మాత్రల వారీగా కాకుండా మందుల వారీగా రాయండి. ఎడమ పక్క మందు పేరు, తర్వాత ఎన్ని మిల్లీగ్రాములు, ఏ మాత్రలో ఉంది, ఎప్పుడు వేసుకోవాలి, దేనికి, ఎవరు రాశారు. ఒక మాత్రలో మూడు మందులుంటే మూడు వరుసలు రాయాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చినవి, నొప్పులకు అప్పుడప్పుడు కొనుక్కునేవి, విటమిన్లు, చివరికి ఆయుర్వేదం పొడి కూడా రాయండి. రాయడం అయిపోయాక ఒకే పేరు రెండు వరుసల్లో కనపడిందా, అక్కడ ఆగి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మన జిల్లాల్లో ఈ కాగితం ఎందుకింత అవసరమో చెప్తా. మనవాళ్ళు గుండెకు పుట్టపర్తికో బెంగళూరుకో పోతారు, కర్నూలు వైపు వాళ్ళు కర్నూలు పెద్దాసుపత్రికో హైదరాబాద్‌కో పోతారు, కడప వాళ్ళు రిమ్స్‌కో తిరుపతికో పోతారు. షుగర్‌కు టౌన్‌లో ఇంకొకరు, ఊర్లో జ్వరానికీ నొప్పులకూ ఆర్‌ఎంపీ. ఎవరికి వాళ్ళు తమ చీటీ వరకే చూస్తారు. ఒక పెద్దాయనకు ఊరి పీహెచ్‌సీలో ఆమ్లోడిపిన్ ఇస్తుండేవాళ్ళు, బెంగళూరులో చూపించుకుంటే టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపిన మాత్ర రాశారు. ఈయన కొత్తది మొదలుపెట్టి పాతది కూడా ఆపలేదు, ఊరికే ఇచ్చేది వదులుకోవడమెందుకని. ఆమ్లోడిపిన్ డోసు రెట్టింపయి పాదాలు వాచాయి, ఇంకో చోటికి పోతే వాపు తగ్గడానికి నీళ్ళ మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయించేది, ఇచ్చారు, దాంతో లేచి నిలబడితే కళ్ళు తిరగడం మొదలు. 'బీపీకి ఒక్కటే కద నాయనా వాడేది' అంటాడు. రెండు స్ట్రిప్పులూ తిప్పి చూపిస్తే గానీ నమ్మలేదు. కలిపిన మాత్ర కొత్తగా రాసినప్పుడు డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: 'సార్, ఇది మొదలుపెడితే పాతవాటిలో ఏవేవి ఆపాలి?' ఆపమన్నవాటిని డబ్బాలోంచి తీసేయండి, పక్కింటివాళ్ళకు మాత్రం ఇవ్వకండి.

విడిగా వాడేవి కలిపించుకోవడం

నాలుగైదు మాత్రలు మింగలేక మీరే డాక్టర్‌ను అడగాలనుకుంటే, అడగొచ్చు, అందులో సిగ్గేం లేదు. అయితే సమయం చూసి అడగాలి. మందు కొత్తగా మొదలుపెట్టి డోసు ఇంకా అటూ ఇటూ మారుస్తున్న రోజుల్లో చాలామందికి విడి మాత్రలే మంచివి, ఎందుకంటే ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని అట్లనే ఉంచొచ్చు, దద్దుర్లో దగ్గో వస్తే దేనివల్ల వచ్చిందో పట్టుకోవచ్చు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళకు మొదటి నుంచే కలిపిన మాత్ర రాసే డాక్టర్లూ ఉన్నారు, అది వాళ్ళ నిర్ణయం. విడిగా వాడుతూ బీపీ, షుగర్ కొన్ని నెలలు ఒక దారిలో ఉంటే అప్పుడు అదే మందులు అవే డోసుల్లో కలిపిన మాత్ర దొరుకుతుందా అని అడగండి. 'అవే డోసుల్లో' అన్నది ముఖ్యం. మీరు టెల్మిసార్టాన్ 80 వాడుతుంటే టెల్మిసార్టాన్ 40 ఉన్న కలిపిన మాత్రకు మారడం అంటే సగం మందు మానేసినట్టే. ధర కూడా చూసుకోండి, కలిపితే ఎప్పుడూ చవకేం కాదు, కొన్ని కలిపినవి విడివాటికన్నా ఖరీదు. జన్ ఔషధి కేంద్రాల్లో టెల్మిసార్టాన్-ఆమ్లోడిపిన్, గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ లాంటి మామూలు జంటలు దొరుకుతాయి, అక్కడ కూడా కంపెనీ పేరుతో కాకుండా మందు పేరు, మిల్లీగ్రాములు చెప్పి అడగాలి.

కలపడం వల్ల లాభం ఏంటని అడిగితే, మనిషి మందు మానకుండా వాడతాడు. అంతే, కానీ అది చాలా పెద్ద సంగతి. 2003లో బ్రిటన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు గుండెజబ్బు రాకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మందులు అన్నీ ఒకే మాత్రలో పెట్టి ఇవ్వొచ్చని రాస్తే చాలామంది నవ్వారు. ఆ తర్వాత మన పక్కనే బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు ముందుండి, దేశంలో 50 కేంద్రాల్లో 2,053 మందితో అలాంటి క్యాప్సూల్‌ను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు, అందులో ఐదు మందులున్నాయి, బీపీకి మూడు, కొలెస్ట్రాల్‌కు ఒకటి, ఆస్పిరిన్. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి 'అన్నీ కలిపితే పవర్ తగ్గిపోతుంది' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

కానీ ఫ్యాక్టరీలో కలపడం వేరు, ఇంట్లో కలపడం వేరు. ఏ మందు దేనితో చెడకుండా ఉంటుంది, కడుపులో ఏది ఎప్పుడు కరగాలి అని చూసుకుని వాళ్ళు తయారుచేస్తారు. ముసలివాళ్ళు మింగలేరని నాలుగు మాత్రలు నూరి తేనెలో ముద్ద చేసి పెట్టేవాళ్ళను చూశాను. వద్దు. మింగలేకపోతే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, కొన్నిటికి సిరప్పులు గానీ నీళ్ళల్లో కరిగే మాత్రలు గానీ ఉంటాయి.

ఇంకా భయపడాల్సింది పొట్లం మందులు. మోకాళ్ళ నొప్పులకో ఒళ్ళునొప్పులకో కొన్ని ఊర్లల్లో కాగితంలో రంగురంగుల మాత్రలు నాలుగైదు కట్టి, పూటకో పొట్లం అని ఇస్తారు. పేరుండదు, డోసుండదు, ఎక్స్‌పైరీ ఉండదు. వాటిలో చాలాసార్లు ఒక స్టెరాయిడ్, ఒక పెయిన్‌కిల్లర్, ఒక గ్యాస్ మాత్ర ఉంటాయి. స్టెరాయిడ్ పడగానే మనిషి లేచి తిరుగుతాడు, ఆకలేస్తుంది, దాంతో ఆ ఆర్‌ఎంపీది మంచి చెయ్యి అని పేరొస్తుంది. ఇంకో పక్క షుగర్ మూడొందలు దాటుతుంది, టౌన్‌లో డాక్టర్‌కు ఎందుకు పెరిగిందో అర్థం కాక షుగర్ మందు డోసు పెంచుతాడు. నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. పొట్లం వాడుతుంటే దాచకుండా దాన్నే తీసుకుపోయి డాక్టర్‌కు చూపించండి.

సగం చేయడం, నూరడం, పెట్టెల్లో పెట్టడం

ఒక మాత్ర మీద గీత ఉంటే విరవొచ్చు అనుకుంటారు. కలిపిన మాత్రల్లో ఆ నమ్మకం పనికిరాదు. కొన్ని బీపీ మాత్రలు రెండు రంగుల్లో, ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటాయి, వాటిని రంగు దగ్గర చీల్చితే ఒక మందు ఆపినట్టు అవుతుందని ఒకాయన బ్లేడుతో ప్రయత్నించాడు! అట్లా కుదరదు. ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్ అని రాసి ఉన్నవి నెమ్మదిగా కరిగేలా చేసినవి, గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఎక్కువగా ఇట్లాంటిదే. దాన్ని నమిలినా నూరినా రోజంతా రావాల్సిన మందు ఒకేసారి వచ్చి పడుతుంది. కొన్నిసార్లు ఇట్లాంటి మాత్రల డొల్ల మలంలో కనపడుతుంది, మందు కరగలేదని కంగారు పడొద్దు, లోపలి మందు అప్పటికే ఒంటికి పట్టి ఉంటుంది.

రెండు చిన్న మాత్రలు ఒక పెద్ద మాత్రకు సమానం అన్న లెక్క కూడా తప్పు. అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ తీసుకోండి, అందరూ 625 అని అడిగేది. అందులో 500, 125. అదే 375 మాత్రలో 250, 125. 625 లేదని 375వి రెండు వేసుకుంటే అమాక్సిసిలిన్ 500 సరిపోయింది కానీ క్లావులానిక్ 250 అయింది, విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా దానివల్లే. స్టాక్ లేకపోతే ఇంకో షాపుకు పోండి.

వారం పెట్టెల్లో మాత్రలు సర్దుకునే అలవాటు మంచిదే, అయితే టెల్మిసార్టాన్ ఉన్నవి గాలిలో తేమ పీల్చుకుంటాయి, రేకులోంచి తీసి పెట్టొద్దు. కత్తెరతో రేకుతో సహా ముక్కలు కత్తిరించి పెట్టెలో వేసుకోండి. ఇక మన ఎండల సంగతి తెలిసిందే, కర్నూలు, నంద్యాల, అనంతపురం మే నెలలో 44 డిగ్రీల దాకా పోతాయి, స్ట్రిప్పు మీదేమో 30 డిగ్రీల లోపు పెట్టమని ఉంటుంది, కొన్నిటి మీద 25. రేకుల ఇంట్లో పైన గూట్లో, బండి డిక్కీలో, కిటికీ పక్కన పెట్టకండి, లోపలి గదిలో కింది అరలో పెట్టండి.

తిండితో లెక్క

కలిపిన షుగర్ మాత్రలో గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ ఉందా అన్నది తప్పకుండా చూసుకోండి. ఇవి తిన్నా తినకపోయినా షుగర్‌ను కిందికి లాగుతాయి. చెనిక్కాయ పీకే రోజుల్లో పొద్దున్నే మాత్ర వేసుకుని సంగటి తర్వాత తిందాంలే అని చేనుకు పోతే పది గంటలకు చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం, ఎవరైనా చూస్తే తాగి ఉన్నాడనుకుంటారు. తిండి ముందర ఉంటేనే మాత్ర వేసుకోవాలి. షుగర్ 70 కన్నా తగ్గితే మామూలుగా మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగమంటారు, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోమంటారు. అయితే మీ మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే చక్కెర త్వరగా పని చేయదు, ఎందుకంటే చక్కెరను పేగుల్లో విడగొట్టే పనినే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్ళు జేబులో గ్లూకోజు పొడి పెట్టుకోవాలి. మూడు మందుల షుగర్ మాత్ర వాడేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలకూ రంజాన్ రోజాలకూ ఇదే లెక్క. రంజాన్ నెల మొదలవ్వకముందే డాక్టర్ దగ్గరికి పోతే మాత్ర వేళలు ఇఫ్తార్‌కు మార్చి డోసు సరిచేస్తారు, డాపాగ్లిఫ్లోజిన్ ఉన్న మాత్రలైతే ముందుగా అడగడం ఇంకా అవసరం, పస్తులుంటే వాటితో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా అంతే. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు నీళ్ళ మాత్ర, టెల్మిసార్టాన్ లాంటివి కిడ్నీని ఇబ్బంది పెట్టొచ్చు, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్‌తో కూడా ప్రమాదం ఉంటుంది. విడి మాత్రలైతే ఒకటి ఆపి మిగిలినవి వేసుకోవచ్చు, కలిపినదాంట్లో ఆ వీలు లేదు. అందుకే ఆరోగ్యం బాగున్నప్పుడే డాక్టర్‌ను అడిగి కాగితం వెనక రాసిపెట్టుకోండి, 'విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి'. దానికి తోడు ఎండకు నడుం నొప్పి అని షాపులో డైక్లోఫెనాక్‌ లేదా ఎసిక్లోఫెనాక్ అడిగి వేసుకోవద్దు. టెల్మిసార్టాన్, నీళ్ళ మాత్ర కలిసిన బీపీ మందుకు పెయిన్‌కిల్లర్ కూడా తోడైతే మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి.

జలుబు మాత్రలు, నిషేధాలు

జలుబుకు అడిగి తెచ్చుకునే మాత్రలో పారాసెటమాల్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్, నిద్ర తెప్పించే అలర్జీ మందు ఉంటాయి, కొన్నిట్లో కెఫీన్ కూడా. జ్వరం ఉందని దానిపైన పారాసెటమాల్ 650 వేసుకుని, ఒళ్ళునొప్పులకు ఇంకో కలిపిన మాత్ర వేసుకుంటే పారాసెటమాల్ మూడు చోట్ల నుంచి వస్తుంది. పెద్దవాళ్ళకు రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్ళకు, మద్యం తాగేవాళ్ళకు, లివర్ జబ్బున్నవాళ్ళకు అంత కూడా ఎక్కువే. ఫినైలెఫ్రిన్ బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు.

కలిపినవన్నీ అవసరం కొద్దీ చేసినవే అనుకోవద్దు, కొన్ని అమ్ముకోవడానికి చేసినవి. కేంద్రం 2016 మార్చిలో 344 రకాలను నిషేధించింది, అది కోర్టులకెక్కి, మళ్ళీ పరిశీలన జరిగి 2018లో 328 మీద నిషేధం వచ్చింది, 2023లో 14, 2024 ఆగస్టులో 156. ఆ చివరి జాబితాలో ఎసిక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 కలిపిన మాత్ర ఉంది. అంటే మందుల పేర్లతో పాటు మోతాదు కూడా చూసి నిషేధిస్తారు, కాబట్టి పేపర్లో పేరు చూసి మీ మాత్ర పారేయకుండా మిల్లీగ్రాములు పోల్చి చూడండి, లేదా షాపులో అడగండి. నన్నడిగితే బీపీ, షుగర్, టీబీ, హెచ్‌ఐవీ మందుల్లో కలిపినవి మేలు చేస్తున్నాయి, జలుబు, నొప్పుల మందుల్లో కలిపినవి చాలావరకు దండగ.

టీబీ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీబీ మాత్రలో మొదటి రెండు నెలలు నాలుగు మందులుంటాయి, ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మూడు. ఎన్ని మాత్రలు అన్నది బరువును బట్టి, పెద్దవాళ్ళలో 35 నుంచి 49 కిలోలైతే మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. 'ఆయనకు నాలుగిచ్చి నాకు మూడే ఇచ్చారు' అని గొడవపడకండి. మధ్యలో బరువు బాగా పెరిగితే మాత్రల సంఖ్య కూడా మార్చాల్సి రావచ్చు, తూకం వేయించుకోండి. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ వల్ల, భయం లేదు. అదే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రలను, కొన్ని షుగర్ మందులను పని చేయనివ్వదు, ముందే చెప్పండి. హెచ్‌ఐవీకి రోజుకు ఒకటే ఇచ్చే మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 ఉంటాయి, టీబీ కూడా ఉన్నవాళ్ళకు 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 ఇంకోటి విడిగా ఇస్తారు, అది అదనమని మానేయకూడదు. ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులు దీనితో కలిపి వేసుకోవద్దు, ఎంత తేడా ఉండాలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి.

పన్ను పీకించుకోవడానికో ఆపరేషన్‌కో పోయేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి. కొలెస్ట్రాల్ క్యాప్సూల్ అని మీరనుకునేదాంట్లో అటోర్వాస్టాటిన్ లేదా రోజువాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఉండొచ్చు, అవి రక్తం గడ్డకట్టనీయవు. 'రక్తం పలచబడే మందు వాడుతున్నారా' అని డెంటిస్ట్ అడిగితే లేదు సార్ అంటారు చాలామంది, అబద్ధం చెప్పాలని కాదు, తెలియక. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు మాత్రం పన్ను కోసమని దాన్ని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టర్‌ను అడిగాకే. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్ళు, గర్భం వచ్చినవాళ్ళు టెల్మిసార్టాన్ లాంటి మందు గానీ స్టాటిన్ గానీ మాత్రలో ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి, బీపీ మందు మార్చి ఇస్తారు.

పొద్దున మాత్ర మర్చిపోయారా, బీపీదైతే మధ్యాహ్నమో సాయంత్రమో గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, అయితే నీళ్ళ మాత్ర కలిసి ఉంటే రాత్రంతా బాత్‌రూమ్‌కు తిరగాల్సొస్తుంది, సాయంత్రం దాటాక గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి. గ్లిమెపిరైడ్ ఉన్నది తిండి వేళ దాటిపోయాక వేసుకోవద్దు. మరుసటి రోజు రెండు వేసుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు, కలిపిన మాత్ర రెండు వేసుకుంటే లోపలున్న ప్రతి మందూ రెట్టింపవుతుంది.